ఒక్క ఫీడరుతో మొదలుపెట్టండి: సీమ కరెంటు లైన్లను డిజిటల్‌గా గట్టిపరిచే మార్గదర్శి

రాయలసీమలో మే నెల సాయంత్రాలంటే కరెంటు వాళ్లకు టెన్షన్. మధ్యాహ్నమంతా ఎండ మండిపోయి, నాలుగయ్యేసరికి మబ్బు లేస్తుంది. ముందు దుమ్ము, వెనకే ఈదురుగాలి, ఆ తర్వాత నాలుగు చినుకులు. ఆ అరగంటలో 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఫీడర్లు, అంటే అక్కడి నుంచి ఊళ్లకు పోయే లైన్లు, ఒకదాని వెనక ఒకటి ట్రిప్ అవుతాయి, తమంతట తామే ఆగిపోతాయి. షిఫ్ట్ ఆపరేటర్ ఫోను ఆగకుండా మోగుతుంది. “అన్నా, కరెంటు ఎప్పుడొస్తాది?” “లైన్లో మనిషి ఉన్నాడన్నా, చూస్తా ఉండాడు.” అంతకుమించి ఆయన చెప్పగలిగింది లేదు. ఇరవై కిలోమీటర్ల లైనులో తీగ ఎక్కడ తెగిందో, కొమ్మ ఎక్కడ పడిందో ఆయనకూ తెలియదు. లైన్‌మన్ బండి మీద టార్చి పట్టుకుని స్తంభం స్తంభం చూసుకుంటూ పోవాల్సిందే.

డిజిటల్ పరికరాలు ముందు తీర్చాల్సింది ఈ తెలియనితనాన్ని. కానీ చాలా ప్రాజెక్టులు తలకిందులుగా మొదలవుతాయి. ముందు గోడంత తెర, ఏసీ గది, కుర్చీలు వస్తాయి. తెర మీద చూపించడానికి లైను నుంచి సమాచారం వచ్చేసరికి తెర వారంటీ అయిపోతుంది. ఇక్కడ వరుస మార్చుకుందాం. ఒక సబ్‌స్టేషన్, అందులో ఒక 11 కేవీ ఫీడరు తీసుకుని, ముందు దాన్ని తెలుసుకోవడం, తర్వాత దూరం నుంచి చూడగలగడం, ఆ తర్వాతే దూరం నుంచి ఆపరేట్ చేయడం, చివరికి సైబరు దొంగల నుంచి కాపాడుకోవడం. ఎక్కడైనా వదలకూడని షరతు ఒక్కటే: మీరు పెట్టిన పరికరం పనిచేయని రోజున కూడా లైన్‌మన్ చేత్తో లైను నడపగలగాలి.

కర్నూలు, అనంతపురం, కడప పాత జిల్లాలు మూడూ తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్ అనే విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) కిందికి వస్తాయి. ఏఈలు, సబ్ ఇంజినీర్లు, డిప్లొమా పూర్తిచేసి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు, పొలంలోనో మిద్దె మీదో సోలార్ పెట్టుకున్నవాళ్లు, అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

అడుగు 1: ఏ ఫీడరో తేల్చుకోండి

సబ్‌స్టేషన్ లాగ్ బుక్ తీసి, గత ఏడాది ట్రిప్పులన్నీ ఒక ఎక్సెల్ షీటులోకి ఎక్కించండి. తేదీ, గంట, ఓవర్ కరెంటా (మోతాదుకు మించి కరెంటు పోవడం) ఎర్త్ ఫాల్టా (కరెంటు నేలలోకి పోవడం), ఎంతసేపటికి మళ్లీ ఛార్జ్ అయింది, కారణం ఏమిటి. కారణం గడి చాలా చోట్ల ఖాళీగా ఉంటుంది. ఖాళీగానే ఉంచండి, ఊహించి నింపొద్దు.

ఎన్నిసార్లు పోయిందన్నది ఒక లెక్క. అసలు లెక్క వినియోగదారు నిమిషాలు. కరెంటు పోయిన సర్వీసుల (కనెక్షన్ల) సంఖ్యను, పోయిన నిమిషాలతో గుణించండి. ఏడాది మొత్తాన్ని కూడి, ఫీడరు మీదున్న సర్వీసులతో భాగిస్తే ఒక్కో ఇంటికి సగటున ఎన్ని నిమిషాలు పోయిందో వస్తుంది. ప్రపంచమంతా సైడీ అనే పేరుతో వాడే కొలమానం ఇదే. ఆ అంకె ఏ ఫీడరుకు ఎక్కువగా ఉంటే ఆ ఫీడరుతోనే మొదలుపెట్టాలి, ఏ నాయకుడి ఊరు దాని మీద ఉందో చూసి కాదు.

అడుగు 2: లైనును నడిచి చూసి మ్యాపులోకి ఎక్కించండి

ఇది విసుగు పుట్టించే పని, అందుకే అందరూ దాటేస్తారు. స్మార్ట్‌ఫోన్‌లో జీఐఎస్ యాప్ వేసుకుని సబ్‌స్టేషన్ నుంచి చివరి స్తంభం దాకా నడవాలి. ప్రతి స్తంభానికీ పెయింటుతో నంబరు, దాని అక్షాంశ రేఖాంశాలు, ఒక ఫోటో. ప్రతి ట్రాన్స్‌ఫార్మరుకూ కోడు, కెపాసిటీ, దాని కింద ఏ సర్వీసు నంబర్లున్నాయి, ఏ ఫేజు మీద ఉన్నాయి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఏబీ స్విచ్‌లు, అంటే స్తంభం దగ్గర హ్యాండిల్‌తో లైనును విడదీసే స్విచ్‌లు. కాగితం మీద ఐదు ఉంటాయి. నడిచి చూస్తే ఒకదానికి హ్యాండిల్ ఉండదు, ఇంకొకటి తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది, మూడోదాన్ని ఎప్పుడో జంపరు (తీగ ముక్క) వేసి శాశ్వతంగా కలిపేసి ఉంటారు, నాలుగోదాని చుట్టూ కంపచెట్లు పెరిగి మనిషి దగ్గరికి పోలేడు. రేపు మీరు రిమోట్‌తో ఆపరేట్ చేయాలనుకునే లైను ఇదే. పక్క ఫీడరుతో కలిపే చోటు, అంటే మామూలుగా తెరిచి ఉంచే స్విచ్, ఎక్కడుందో ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. ఆరో అడుగు మొత్తం దాని మీదే ఆధారపడుతుంది.

మ్యాపు ఒకసారి చేసి వదిలేస్తే ఆరు నెలల్లో అబద్ధమవుతుంది. కొత్త ట్రాన్స్‌ఫార్మరు వేసినా, జంపరు మార్చినా, ఆ రోజే ఫోన్లో మార్చాలి. ఆ పని లైన్‌మన్‌కో, సచివాలయంలో ఉండే జూనియర్ లైన్‌మన్‌కో అప్పగించి, మార్చకపోతే ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) మూసేయడం కుదరదని నియమం పెడితేనే నిలుస్తుంది.

అడుగు 3: రిలే చూపు సరిచేయండి

నన్నడిగితే ఈ మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే.

2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలికి పోతున్న ఆడవాళ్ల ఆటో మీద హైటెన్షన్ తీగ పడి ఐదుగురు చనిపోయారు. ఉడుత వల్ల తీగ తెగిందని అప్పట్లో అధికారులు చెప్పారు. తీగ ఎందుకు తెగిందన్నది ఒక ప్రశ్న. తెగిన తీగలో కరెంటు ఎన్ని సెకన్లు ఉంటుందన్నది, మన సీమ నేలలో ఏ ఫీడరు గురించైనా అడగాల్సిన ఇంకో ప్రశ్న.

సబ్‌స్టేషన్‌లోని ఎర్త్ ఫాల్ట్ రిలే నేలలోకి పోతున్న కరెంటును చూసి బ్రేకరును, అంటే ఫీడరును ఆపే పెద్ద స్విచ్‌ను, తెరుస్తుంది. తీగ తడి మాగాణిలో పడితే వందల ఆంపియర్లు పోవచ్చు, రిలే వెంటనే గుర్తిస్తుంది. అదే తీగ ఎండిపోయిన గులకరాళ్ల నేల మీదో, తారు రోడ్డు మీదో పడితే? లెక్క చూడండి. 11 కేవీ లైనులో ఒక ఫేజుకూ భూమికీ మధ్య సుమారు 6,350 వోల్టులుంటాయి. పడిన చోట నేల నిరోధం 300 ఓములు అనుకుంటే పోయే కరెంటు 21 ఆంపియర్లు. 200/1 సీటీ (లైనులోని 200 ఆంపియర్లను 1 ఆంపియరుగా రిలేకు చూపే కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు) మీద రిలేను 20 శాతానికి సెట్ చేసి ఉంటే అది 40 ఆంపియర్లు దాటితేగానీ కదలదు. అంటే తీగ నేల మీద ప్రాణంతోనే పడి ఉంటుంది, సబ్‌స్టేషన్‌లో మీటరు ముళ్లు మామూలుగానే ఉంటాయి, ఆపరేటర్‌కు ఏమీ తెలియదు.

పాత ఎలక్ట్రోమెకానికల్ రిలేలను తీసి న్యూమరికల్ రిలేలు, అంటే లోపల చిన్న కంప్యూటరు ఉండేవి, పెట్టడం దీనికి మొదటి మందు. వాటిలో చాలావాటికి సున్నితమైన ఎర్త్ ఫాల్ట్ అనే వేరే ఫంక్షన్ ఉంటుంది. కోర్ బ్యాలెన్స్ సీటీతో (మూడు ఫేజులనూ చుట్టి మిగులు కరెంటును మాత్రమే కొలిచే సీటీ) కలిపి వాడితే కొద్ది ఆంపియర్లను కూడా చూస్తుంది. అలాగని గుడ్డిగా ఐదు ఆంపియర్లకు దించేయొద్దు. ఫీడరు మీద సింగిల్ ఫేజు ట్రాన్స్‌ఫార్మర్లుంటే మామూలు రోజుల్లోనే కొంత కరెంటు ఎర్త్ దారిలో తిరుగుతూ ఉండొచ్చు. ముందు రిలేలోనే ఆ మిగులు కరెంటు ఎంతుందో కొన్ని వారాలు రికార్డు చేయండి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. దాని పై అంచుకు కొంచెం పైన సెట్టింగు పెట్టి, కొన్ని సెకన్ల ఆలస్యం ఇవ్వండి. మొదట కొంతకాలం అలారం మాత్రమే వచ్చేలా ఉంచి, నమ్మకం కుదిరాక ట్రిప్‌కు మార్చడం మంచిది.

ఇంకో చిక్కు ఉంది. తీగ తెగి సబ్‌స్టేషన్ వైపు ముక్క గాలిలోనే వేలాడుతూ, అవతలి ముక్క నేల మీద పడొచ్చు. అప్పుడు నేలలోకి పోయే కరెంటు అవతలి ట్రాన్స్‌ఫార్మర్ల గుండా తిరిగి వచ్చేది మాత్రమే, చాలా తక్కువ. ఏ ఎర్త్ ఫాల్ట్ రిలే కూడా దాన్ని నమ్మకంగా పట్టలేదు. న్యూమరికల్ రిలేలలో తెగిన కండక్టరును గుర్తించే ఫంక్షన్ ఉంటుంది, మూడు ఫేజుల కరెంట్ల మధ్య తేడాను నిష్పత్తిగా చూస్తుంది. అయినా లైను చివర్లో తెగితే ఆ తేడా కూడా చిన్నదే. అక్కడ సాయపడేది లైను చివరనున్న మీటర్లు. ఒక ఫేజు పోయిందని పది ట్రాన్స్‌ఫార్మర్లు ఒకేసారి చెబితే, తీగ ఎక్కడ తెగిందో మ్యాపు మీద వేలు పెట్టి చూపించొచ్చు.

ట్రయల్ ఛార్జ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ట్రిప్ కాగానే ఇంకోసారి వేసి చూడటం మనకు అలవాటు. రిలే ఎర్త్ ఫాల్ట్ చూపించినప్పుడు, గాలివాన లేనప్పుడు, లైను చూడకుండా వేయకూడదని సబ్‌స్టేషన్ గోడ మీద రాసి పెట్టండి. న్యూమరికల్ రిలే ట్రిప్ అయిన ప్రతిసారీ తరంగరూపాన్ని దాచిపెడుతుంది. ఆ ఫైలును అదే రోజు తీసుకుని చూడటం నేర్చుకుంటే, మొదటి అడుగులో ఖాళీగా వదిలిన కారణాల గడి నెమ్మదిగా నిండుతుంది. గడియారాలు మాత్రం కలవాలి. రిలే 4:10 అని, మీటరు 4:17 అని, లాగ్ బుక్ 4:30 అని చెబితే ఏది ముందో ఏది వెనకో తేలదు. జీపీఎస్ గడియారం ఒకటి పెట్టి అన్నిటినీ దానికి కట్టేయండి.

అడుగు 4: మీటర్లతో చూడండి, కరెంటు వచ్చే క్షణాన్ని ముఖ్యంగా

ఫీడరు మొదట్లో ఒక మీటరు, ప్రతి ట్రాన్స్‌ఫార్మరుకూ ఒక మీటరు. ఇళ్ల స్మార్ట్ మీటర్ల గురించి జనంలో అనుమానాలున్నాయి, బిల్లు పెరుగుతుందనే భయమూ ఉంది. ఆ వాదన ఎటు తేలినా, ట్రాన్స్‌ఫార్మరు మీటరుతో ఎవరికీ పేచీ లేదు. లైను ఆరోగ్యం తెలిసేది ఎక్కువగా దాంతోనే. పంపిణీ రంగం బాగుకోసం 2021లో కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్ఎస్ పథకంలో ఫీడర్లకూ, ట్రాన్స్‌ఫార్మర్లకూ మీటర్లు పెట్టడం కూడా భాగమే. కొన్ని మీటర్లు కరెంటు పోయే క్షణాన చివరి శ్వాసలాగా ఒక సందేశం పంపి ఆగుతాయి. కొనేటప్పుడు ఆ సౌకర్యం ఉన్నదే అడగండి.

సీమలో కరెంటు పోవడం ఒక సమస్య అయితే, రావడం ఇంకో సమస్య. వ్యవసాయ ఫీడరులో దాదాపు ప్రతి బోరుకూ ఆటో స్టార్టరు ఉంటుంది. రైతు ఇంట్లో ఉంటాడు, కరెంటు రాగానే మోటారు దానంతట అదే లేస్తుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు కింద మూడు 5 హెచ్‌పీ మోటార్లున్నాయనుకోండి. నడిచేటప్పుడు మూడూ కలిపి 22 ఆంపియర్ల దరిదాపు తీసుకుంటాయి. ట్రాన్స్‌ఫార్మరు 35 ఆంపియర్లు మోయగలదు, కాబట్టి హాయిగా ఉంటుంది. కానీ మూడూ ఒకే క్షణంలో లేస్తే, ఒక్కో మోటారు ఆరు రెట్లు లాగితే, 130 ఆంపియర్లు దాటిపోతుంది. ఫీడరంతా ఇదే జరిగితే వోల్టేజీ కుంగి, మోటార్లు లేవలేక ఇంకా ఎక్కువసేపు లాగి, బ్రేకరు మళ్లీ పడిపోతుంది. లైన్‌మన్ లేని ఫాల్టును వెతుక్కుంటూ మళ్లీ బయల్దేరతాడు.

మందు ఖరీదైనది కాదు. ఆటో స్టార్టర్లలో ఆలస్యాన్ని సెట్ చేసే వీలుంటుంది. ఒక్కో రైతుకు ఒక్కో ఆలస్యం, అర నిమిషం నుంచి ఐదు నిమిషాల దాకా చెదరగొట్టి పెట్టించండి. చీనీ తోటల రైతులతో ఒక్కసారి కూర్చుని మాట్లాడితే ఒప్పుకుంటారు, ఎందుకంటే కాలిపోయేది వాళ్ల మోటారే, దించి మోసుకుపోవాల్సింది వాళ్ల ట్రాన్స్‌ఫార్మరే.

అడుగు 5: సమాచారం పోయే దారి

సబ్‌స్టేషన్ దాకా ఫైబర్ ఉంటే అదే మేలు. స్తంభాల మీది పరికరాలకు సిమ్ కార్డులు తప్పవు. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పట్టే మోడెమ్ తీసుకోండి, సంస్థకు ప్రత్యేకంగా ఇచ్చే ప్రైవేటు ఏపీఎన్ (బయటి ఇంటర్నెట్‌తో కలవని మొబైల్ డేటా దారి) మీదే నడపండి.

ఒక మెలిక గమనించండి. సెల్ టవరుకు కరెంటు ఇచ్చేది మీ ఫీడరే కావచ్చు. కరెంటు పోతే టవరు బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది, తర్వాత అదీ పోతుంది. అప్పుడు ఏ ఫీడరును బాగుచేయాలో చెప్పాల్సిన పరికరమే మూగబోతుంది. మీ ప్రాంతంలోని టవర్లు ఏ ఫీడరు మీదున్నాయో మ్యాపులో గుర్తించి, వాటిని ముందు నిలబెట్టే జాబితాలో పెట్టండి. ఆసుపత్రి, తాగునీటి పథకం ఆ జాబితాలో ఎలాగూ ఉంటాయి. సిబ్బంది చేతిలో కొన్ని వాకీటాకీలు ఉంచుకోవడం పాతకాలపు పని అనిపించినా అవసరం.

అడుగు 6: ఇప్పుడు స్విచ్‌లు

లైను మధ్యలో ఆటో రీక్లోజరు (ట్రిప్ అయ్యాక తానే మళ్లీ వేసి చూసే బ్రేకరు), సెక్షనలైజరు (ఫాల్టున్న ముక్కను విడదీసే స్విచ్), మోటారుతో తిరిగే స్విచ్‌లు, ఫాల్టు దాటిపోయిందని లైటు వెలిగించి చెప్పే ఇండికేటర్లు పెట్టే సమయం ఇది. ఫీడరుకు ఇవన్నీ ఎక్కడ పడితే అక్కడ అక్కర్లేదు. ఒక ఊహా లెక్క చూద్దాం.

1,200 సర్వీసులున్న ఫీడరు. ఫాల్టు వెతికి బాగుచేయడానికి రెండు గంటలు పడుతోంది. అందరికీ 120 నిమిషాలు, అంటే 1,44,000 వినియోగదారు నిమిషాలు. అదే ఫీడరును రెండు స్విచ్‌లతో మూడు ముక్కలు చేసి, చివర పక్క ఫీడరుతో కలిపే స్విచ్‌కు కూడా మోటారు పెట్టారనుకోండి. మధ్య ముక్కలో ఫాల్టు. రెండు వైపులా తెరిచి, మొదటి ముక్కను సొంత సబ్‌స్టేషన్ నుంచి, చివరి ముక్కను పక్క ఫీడరు నుంచి ఇస్తే 700 సర్వీసులకు పది నిమిషాల్లో కరెంటు వస్తుంది. వెతకాల్సిన దూరం కూడా తగ్గుతుంది కాబట్టి మిగిలిన 500 మందికి 90 నిమిషాలు. మొత్తం 7,000, 45,000 కలిపి 52,000. మూడో వంతుకు కాస్త అటూ ఇటూ. నాలుగో స్విచ్, ఐదో స్విచ్ పెట్టుకుంటూ పోయినకొద్దీ లాభం తగ్గుతూ వస్తుంది. ఆ డబ్బుతో రెండో ఫీడరు మొదలుపెట్టడం మేలు.

పక్క ఫీడరు అదనపు లోడు మోస్తుందా అన్నది స్విచ్ వేసే ముందే సాఫ్ట్‌వేర్ చూడాలి. మే మధ్యాహ్నం మోయలేనిది నవంబరు రాత్రి మోయొచ్చు.

ప్రాణాల విషయం: లైన్ మీద మనిషి ఉన్నప్పుడు, అంటే ఎల్‌సీ ఇచ్చినప్పుడు, రిమోట్ ఆపరేషన్, ఆటో రీక్లోజింగ్ రెండూ లాక్ అయి ఉండాలి. స్తంభం దగ్గర లోకల్, రిమోట్ మార్చే స్విచ్ ఉంటుంది. దాన్ని లోకల్‌లో పెట్టి, తాళం వేసి, తాళంచెవి ఎక్కేవాడి జేబులోనే ఉండాలి. ఎల్‌సీ ఇచ్చే యాప్ ఉంటే మంచిదే, ఒక ఫీడరుకు బదులు ఇంకో ఫీడరు ఆపే పొరపాటు తగ్గుతుంది. కానీ యాప్ వచ్చిందని డిశ్చార్జ్ రాడ్డు (తీగను నేలకు కలిపి ఉంచే కడ్డీ) వేయడం మానేస్తే మనిషి పోతాడు.

అడుగు 7: తాళాలు

లైనును దూరం నుంచి ఆపరేట్ చేయగలిగిన రోజున, దూరం నుంచి ఇంకెవడైనా ఆపరేట్ చేసే ప్రమాదమూ వచ్చిందని అర్థం.

2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో జరిగింది ఈ పనిలో ఉన్న ప్రతివాడూ తెలుసుకోవాలి. మూడు పంపిణీ సంస్థల కంట్రోల్ రూముల్లో ఆపరేటర్లు చూస్తుండగానే మౌసు దానంతట అదే కదిలి బ్రేకర్లను ఒక్కొక్కటీ తెరిచింది. సుమారు రెండు లక్షల పాతికవేల ఇళ్లకు కరెంటు పోయింది. దొంగలు ఆ రోజు రాలేదు, నెలల ముందే ఆఫీసు మెయిలుకు వచ్చిన ఒక అటాచ్‌మెంటు తెరవడంతో లోపలికి వచ్చారు. పాస్‌వర్డులు సేకరించుకుని ఆఫీసు నెట్‌వర్క్ నుంచి కంట్రోల్ నెట్‌వర్క్‌లోకి దారి చేసుకున్నారు. పోతూ పోతూ సబ్‌స్టేషన్లలోని కమ్యూనికేషన్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్‌ను (వాటిని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ను) చెరిపేశారు, బ్యాకప్ పవరును ఆపేశారు, కస్టమర్ కేర్‌కు వేల దొంగ కాల్స్ చేయించారు. అయినా కొన్ని గంటల్లోనే కరెంటు తిరిగి వచ్చింది, ఎందుకంటే సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు పోయి బ్రేకర్లను చేత్తో వేశారు. మొదట్లో పెట్టిన షరతుకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మనకు దూరం విషయం కాదిది. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల డిస్కంల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి.

ముందు జాబితా రాయండి. ఐపీ అడ్రసు ఉన్న ప్రతి వస్తువూ: రిలే, ఆర్‌టీయూ (సబ్‌స్టేషన్ సమాచారాన్ని కంట్రోల్ సెంటరుకు పంపి, ఆజ్ఞలు అందుకునే పెట్టె), మోడెమ్, మీటరు గేట్‌వే, సీసీ కెమెరా, గదిలోని వైఫై రూటరు. చాలా చోట్ల ఆ జాబితా రాయడంతోనే సగం కంతలు బయటపడతాయి. కెమెరా, స్కాడా (లైనును దూరం నుంచి చూసి నడిపే కంప్యూటర్ వ్యవస్థ) ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కు కట్టి ఉండటం మామూలు.

తర్వాత విడదీయండి. బిల్లింగు, మెయిలు, ఇంటర్నెట్ ఒక వైపు. కంట్రోల్ వ్యవస్థ ఇంకో వైపు. మధ్యలో ఫైర్‌వాల్, అవసరమైన దారి ఒక్కటే తెరిచి. సబ్‌స్టేషన్లకూ కంట్రోల్ సెంటరుకూ మధ్య వాడే ఐఈసీ 104 ప్రోటోకాల్, మామూలు రూపంలో, ఆజ్ఞ ఎవరిచ్చారని అడగదు. బ్రేకరు తెరవమంటే తెరుస్తుంది. కాబట్టి ఆ దారి మొత్తం వీపీఎన్ లోపలే ఉండాలి, కంట్రోల్ సెంటరు అడ్రసు తప్ప ఇంకెవరి మాటా వినకుండా ఆర్‌టీయూలోనే సెట్ చేయాలి.

ఇక మన అలవాట్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డు మార్చకపోవడం. మార్చినా మానిటరు అంచున స్టిక్కరు మీద రాసి అంటించడం. కొత్త ప్యానెల్ ముందు నిలబడి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఆ ఫోటోలో స్టిక్కరు కనిపించడం. సింగిల్ లైన్ డయాగ్రం పీడీఎఫ్‌ను వందమంది ఉన్న గ్రూపులో తోయడం. రాత్రి షిఫ్టులో సినిమా చూద్దామని స్కాడా కంప్యూటరుకు పెన్‌డ్రైవ్ పెట్టడం. సర్వీసు ఇంజినీరు బెంగళూరు నుంచే చూస్తానంటే ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటరు నడిపే యాప్) వేసిచ్చి, పని అయ్యాక తీయకపోవడం. హ్యాకరు తెలివితేటలు వాడేదాకా కూడా రాదు, తలుపు తెరిచే ఉంటుంది. కంపెనీవాళ్లకు దూరం నుంచి ప్రవేశం ఇవ్వాల్సి వస్తే, అడిగినప్పుడు మాత్రమే, గంటల లెక్కన, ఓటీపీతో, ఎవరో ఒకరు తెర ముందు కూర్చుని చూస్తుండగా ఇవ్వండి.

రిలే సెట్టింగుల ఫైళ్లు, ఆర్‌టీయూ కాన్ఫిగరేషన్, ఫర్మ్‌వేర్ కాపీలు ఒక హార్డ్ డిస్కులో వేసి, ఏ నెట్‌వర్కుకూ కట్టకుండా బీరువాలో పెట్టండి. సెట్టింగు మారిన ప్రతిసారీ కొత్త కాపీ.

చట్టం కూడా తెలుసుకోవాలి. కేంద్రం సైబరు భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబరు సంఘటన గమనించిన 6 గంటల్లోపు తెలపాలి, లాగులు 180 రోజులు దాచాలి, గడియారాలు అధీకృత సమయానికి కలిసి ఉండాలి. విద్యుత్ రంగానికి ప్రత్యేకంగా కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. సబ్‌స్టేషన్‌లో ఉన్న మనిషికి ఇవన్నీ గుర్తుండవు. అనుమానం వస్తే ఏ కేబులు పీకాలి, ఎవరికి ఫోన్ చేయాలి, కంప్యూటరును ఆపేయకుండా ఎందుకు ఉంచాలి, ఇంతే ఒక అట్ట మీద తెలుగులో రాసి వేలాడదీయండి.

అడుగు 8: సోలారును లెక్కలోకి తీసుకోండి

గని-శకునాలలో 1,000 మెగావాట్ల పార్కు, నంబులపూలకుంట పార్కు, రామగిరి కొండల మీద గాలిమరలు, అన్నీ మన చుట్టూనే ఉన్నాయి. పెద్ద పార్కుల సంగతి ట్రాన్స్‌కో, లోడ్ డిస్పాచ్ సెంటర్లు చూసుకుంటాయి. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో 2025 ఏప్రిల్ 28న పట్టపగలు గ్రిడ్ మొత్తం పడిపోయింది. అక్కడ సైబరు దాడి లేదు. వోల్టేజీ అదుపు తప్పి పెరిగి, ప్లాంట్లు వరసగా తప్పుకున్నాయి.

మన ఫీడరు స్థాయిలో కూడా వోల్టేజీయే చూసుకోవాలి. మిద్దె సోలార్లు ఎక్కువైన ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మధ్యాహ్నం వోల్టేజీ పెరుగుతుంది, నాలుగో అడుగులో పెట్టిన మీటరు ఆ సంగతి చెబుతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు తనంతట తాను ఆగుతోందో లేదో కనెక్షన్ ఇచ్చే రోజే మెయిన్ ఆపి పరీక్షించండి. లైన్‌మన్ ఎక్కేది ఆ తీగ మీదే. ఇన్వర్టరుకు ఉండే వైఫై డాంగిల్ పాస్‌వర్డు ఇంటి యజమానే మార్చుకోవాలి. ఒక ఇంటి ఇన్వర్టరు ఎవడి చేతిలో పడినా గ్రిడ్‌కు ఏమీ కాదు. ఒకే కంపెనీవి లక్ష ఇన్వర్టర్లు ఒకే సర్వరుకు కట్టి ఉంటే మాత్రం సంగతి వేరు.

అడుగు 9: నీళ్లు, ఎండ

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలులోకి వచ్చినప్పుడు చూశాం. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడినప్పుడూ చూశాం. కంట్రోల్ ప్యానెళ్లు, బ్యాటరీలు, సర్వరు, అన్నీ నేల మీద పెడితే మొదట మునిగేవి అవే. అప్పటి నీటి మట్టం ఆ ఊరివాళ్లనే అడిగి, గోడ మీద గుర్తు పెట్టించి, దాని పైన ప్లాట్‌ఫారం కట్టండి.

ఎండ నెమ్మదిగా చంపుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల లెక్కన తయారవుతుంది. ఆ పైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మే నెలలో కడపలో స్తంభం మీది ఇనుప డబ్బాలో ఎంత ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. బ్యాటరీ పోతే బయటికి తెలియదు, కరెంటు పోయిన రోజే తెలుస్తుంది. ఏప్రిల్‌లోనే ఒక్కో స్విచ్ డబ్బాకు బయటి కరెంటు ఆపి, బ్యాటరీతో మోటారు ఎన్నిసార్లు తిరుగుతుందో చూడండి. డబ్బాకు తెల్ల రంగు, పైన రేకు నీడ, రెండూ పనిచేస్తాయి. కొమ్మలు నరికే పని కూడా అదే నెలలో ముగించాలి. గాలివానకు దాన్ని మించిన సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు.

అడుగు 10: డ్రిల్, టెండరు

మూడు నెలలకోసారి, లోడు తక్కువున్న రోజు చూసి, స్కాడా తెర ఆపేయండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపరేటరు ఫోను, కాగితం మీది డయాగ్రం, చేతి హ్యాండిళ్లతోనే నడపాలి. ఏ స్విచ్ బిగుసుకుపోయిందో, ఏ తాళంచెవి ఎవరి దగ్గరుందో, కొత్తగా చేరిన పిల్లలకు బ్రేకరు స్ప్రింగు చేత్తో ఛార్జ్ చేయడం వచ్చో రాదో ఆ రోజు తేలుతుంది. రిటైరు కాబోతున్న లైన్‌మన్లను ఆ రోజు గురువులుగా నిలబెట్టండి.

టెండరు రాసేటప్పుడే కొన్ని మాటలు పడాలి. పరికరాలన్నీ బహిరంగ ప్రమాణాలైన ఐఈసీ 61850, ఐఈసీ 104, మీటర్లయితే ఐఎస్ 16444 పాటించాలి, లేదంటే రెండో కంపెనీ బాక్సు మొదటి కంపెనీ తెరతో మాట్లాడదు. ఫర్మ్‌వేర్‌లో కంతలు బయటపడితే పరికరం ఆయుష్షంతా ఉచితంగా పూడ్చి ఇవ్వాలి. శిక్షణ తెలుగులో, సబ్‌స్టేషన్‌లోనే, షిఫ్ట్ ఆపరేటర్లందరికీ జరగాలి. ఏఐ అన్న మాట కనిపిస్తే, అది మీ లాగ్ బుక్‌లోని ఏ వరుసను తగ్గిస్తుందో చూపించమనండి. అడ్మిన్ పాస్‌వర్డులు, కాన్ఫిగరేషన్ ఫైళ్లు, వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ లైసెన్సు, ఇవన్నీ సీల్ చేసిన కవరులో ఏఈ చేతికి అందాకే చివరి బిల్లు పాస్ చేయండి. ఆ కవరు లేకుండా బిల్లు పోయిందంటే, ఏఎంసీ (ఏటా చేసుకునే నిర్వహణ ఒప్పందం) ముగిసిన మర్నాడు ఒక్క సెట్టింగు మార్చాలన్నా మళ్లీ కొత్త టెండరే.